స్పోకెన్ తెలుగు క్లాసు: నేర్పిన మాటలు వారం తిరిగేసరికి పోతున్నాయి, సాధన ఎలా చేయించాలి?

గాజువాక_తెలుగు అడిగారు:

అందరికీ నమస్కారం. తెలుగు రాని పెద్దవాళ్ళకి విశాఖలో స్పోకెన్ తెలుగు చెప్పే క్లాసు ఇది. శని, ఆదివారాలు, రోజుకి గంటన్నర. 16 మంది ఉన్నారు. నేవీ కుటుంబాల వాళ్ళు కొందరు, ఉక్కు ఫ్యాక్టరీలోనూ పరవాడ ఫార్మా కంపెనీల్లోనూ పనిచేసేవాళ్ళు కొందరు. ఇంటి భాషలు హిందీ, ఒడియా, బెంగాలీ. తెలుగు అక్షరాలు అందరికీ వచ్చు, నెమ్మదిగా చదవగలరు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి చెప్తాను. క్లాసుకి 20 కొత్త మాటలు బోర్డు మీద రాసి, పక్కన హిందీ అర్థం. రెండుసార్లు అందరూ కలిసి పలకడం. తర్వాత ఒక్కో మాటతో ఒక వాక్యం నోటుబుక్కులో. కూరగాయలు ఒక రోజు, రంగులు ఒక రోజు, బంధువుల పేర్లు ఒక రోజు, ఇలా గుంపులుగా. తర్వాతి శనివారం అడిగితే ఇరవైలో నాలుగో అయిదో వస్తున్నాయి. పుస్తకంలో కనిపిస్తే గుర్తుపడతారు, రైతు బజార్లో నిలబడితే నోరు పెగలదు.

ప్రొజెక్టర్ లేదు. తెల్లబోర్డు, చార్టులు, సెల్‌ఫోన్లు ఉన్నాయి, అంతే. నాకు కావలసినవి: క్లాసుకి ఎన్ని మాటలు చెప్పాలి, పాతవి ఎలా తిరగెయ్యాలి, ఆట పెడితే ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే మాట్లాడుతున్నారు, మిగతావాళ్ళని ఎలా కదపాలి. ఇంకొకటి, బయట వాళ్ళకి వినిపించేది "ఏటి", నేను నేర్పేది "ఏమిటి". ఏది నేర్పాలి?

---

భీమిలి_పలక:

మాస్టారూ, ముందు 20 ని 8 చెయ్యండి. రెండు రోజులకి 16. ఏడాదిలో 45 వారాలు క్లాసు నడిచినా 720 మాటలు, అవి నిలబడితే బజారు, ఆటో, ఆసుపత్రి, పక్కింటివాళ్ళు, అన్నీ గడిచిపోతాయి. మిగిలిన టైమంతా తిరగెయ్యడానికి వాడండి.

అసలు తేడా ఇక్కడుంది. మీరు పలికిన వెంటనే వాళ్ళు పలకడం చిలక పలుకు. మాట అప్పటికే చెవిలో ఉంది, దాన్ని వెతుక్కోవలసిన అవసరం మెదడుకి లేదు. బోర్డు మీద ఉన్న మాటని నోటుబుక్కులోకి ఎక్కించడమూ అంతే. మాట కళ్ళముందు లేనప్పుడు లోపలినుంచి తవ్వి బయటికి తీసినప్పుడే అది గట్టిపడుతుంది. ఒకసారి కాదు, ఎడం ఇచ్చి పదేపదే. అర్థంలేని అక్షరాల ముక్కలు తనే బట్టీపట్టి తనమీదే పరీక్షించుకున్న జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885 లోనే చూపించాడు: మరుపు నెమ్మదిగా మొదలవదు, మొదటి కొన్ని గంటల్లోనే చాలావరకు జారిపోతుంది. ఆదివారం చెప్పి మళ్ళీ శనివారం దాకా ముట్టుకోకపోతే ఆరు రోజులు పోయినట్టే.

కాబట్టి కొత్త మాటని ఆ క్లాసులోనే కనీసం ఐదుసార్లు బయటికి లాగండి: చెప్పిన రెండు నిమిషాలకి, పదో నిమిషానికి, అరగంటకి, గంటకి, చివర్న గుమ్మం దగ్గర. గుమ్మం దగ్గర అంటే నిజంగానే మీరు తలుపు దగ్గర నిలబడి ఒక్కో కార్డు చూపించడం, మాట చెప్పినవాళ్ళు బయటికి, చెప్పలేనివాళ్ళు వరస చివరికి. 16 మందికి నాలుగు నిమిషాలు చాలు. మర్నాడు క్లాసు మొదటి పది నిమిషాలు కొత్తది ఏమీ వద్దు, పుస్తకం మూసి, నిన్నటి ఎనిమిది, అంతకు ముందువి ఒక పది.

అడిగే తీరు కూడా మార్చండి. "సుజాతగారూ, దీన్ని ఏమంటారు?" అంటే పేరు వినగానే మిగతా పదిహేనుమంది విశ్రాంతి తీసుకుంటారు. ముందు ప్రశ్న, తర్వాత మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్క, ఆ తర్వాత పేరు. ఆ ఐదు అంకెలసేపూ అందరూ వెతుక్కుంటారు. ఆ నిశ్శబ్దం మొదట్లో మనకే ఇబ్బందిగా ఉంటుంది, అయినా మీరు జవాబు అందించకండి.

ఇక కార్డులు. 22 × 28 అంగుళాల చార్టుని పొడుగువైపు 3.5 అంగుళాలకొకటి, అడ్డంవైపు 5.5 అంగుళాలకొకటి కోస్తే సరిగ్గా 32 కార్డులొస్తాయి, ఒకరికి రెండు వారాలకి సరి. ముందువైపు బొమ్మ, లేదా సందర్భం ("కొట్టువాడికి 500 ఇచ్చారు, మీది 40 రూపాయల సరుకు. ఏమి కావాలని అడుగుతాడు?"). వెనకవైపు మాట, దానితో చిన్న ముక్క: "చిల్లర. చిల్లర ఉందా?" స్కెచ్ పెన్ను వాడితే సిరా వెనక్కి దిగి జవాబు కనపడిపోతుంది, బాల్‌పెన్నో క్రేయానో మేలు. మన సముద్రపు తేమకి చార్టు కార్డులు నాలుగు వారాలకే మెత్తబడి వంకర్లు పోతాయి. రబ్బరు బ్యాండు వేస్తే ఇంకా వంగుతాయి. మూత గట్టిగా పట్టే స్వీటు డబ్బాలో నిలబెట్టి పెట్టమనండి.

ఆ డబ్బాలో అట్టముక్కలతో మూడు అరలు. జర్మన్ రచయిత జెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, ఆయనవి ఐదు అరలు, వారానికి రెండు రోజుల క్లాసుకి మూడు చాలు. మొదటి అర ప్రతి క్లాసులో, రెండోది శనివారం శనివారం, మూడోది నెల మొదటి శనివారం. చెప్పగలిగిన కార్డు ముందు అరకి వెళ్తుంది, చెప్పలేనిది ఎక్కడున్నా మళ్ళీ మొదటి అరకే. ఇద్దరిద్దరు కూర్చుని ఒకరి డబ్బా ఇంకొకరు అడగాలి. ఒంటరిగా చేస్తే అందరూ ఒకే తప్పు చేస్తారు: కార్డు చూసి "ఆఁ, తెలుసు" అనుకుని తిప్పేస్తారు. నోరు తెరిచి బయటికి అన్నాకే తిప్పాలి.

---

యారాడ_గాలి:

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఇది మీ పాఠాల వరసలోనే ఉన్న లోపం. కూరగాయలన్నీ ఒకే రోజు నేర్పకండి. బీరకాయ, సొరకాయ, దొండకాయ, కాకరకాయ, పొట్లకాయ: అన్నిటి చివరా "కాయ", అన్నీ ఆకుపచ్చ, అన్నీ కొత్త. తలలో ఒకదానిమీద ఇంకొకటి ఎక్కేస్తాయి. "ఏదో కాయ" అని మాత్రం మిగులుతుంది. కుడి, ఎడమ ఒకే రోజు చెప్పినా అదే పని, రెండిట్లో ఏది ఏదో నెలల తరబడి తికమక. ఒకటి ముందు నేర్పండి, అది తడుముకోకుండా వచ్చాక, అంటే రెండు మూడు వారాలకి, రెండోది.

గుంపు బదులు ఒక సన్నివేశం తీసుకోండి. ఎంవీపీ కాలనీ రైతు బజార్లో ఒక మనిషి నిలబడ్డాడు, అతనికి ఏమి కావాలి? బీరకాయ (ఒక్క కాయే), లేత, పుచ్చు, పావుకిలో, కట్ట, తూచండి, చిల్లర, సంచి. ఎనిమిది అయిపోయాయి. ఏ రెండూ ఒకలా వినిపించవు, ఏ రెండూ ఒక జాతివి కావు, అన్నీ కలిసి ఒకే సంభాషణలో పడతాయి. వచ్చే వారం అదే సన్నివేశంలో బీరకాయ తీసి దొండకాయ పెట్టండి, మిగతా ఏడూ ఖర్చులేకుండా తిరగేసినట్టవుతుంది.

రైతు బజార్లో ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది కదా, దాని ఫోటో ఒకటి తెచ్చుకోండి. మీ వాళ్ళకి చదవడం వచ్చు కాబట్టి అంతకన్నా మంచి పాఠం కాగితం దొరకదు. ధరలు మారుతుంటాయి గనక ప్రతి శనివారం కొత్త పాఠమే.

---

వ్యాకరణం_వంటింట్లో:

తెలుగులో అందరూ మర్చిపోయే సంగతి: మనం నేర్పే మాట, మనం వాడే మాట ఒకటి కాదు. "ఇల్లు" అని నేర్పుతాం. రోజు మొత్తంలో ఇల్లు అని ఎన్నిసార్లు అంటాం? ఇంటికి, ఇంట్లో, ఇంటి దగ్గర, ఇళ్ళు. నేర్చుకునేవాళ్ళు బయటికెళ్ళి "ఇల్లుకి వెళ్తాను" అంటారు, ఎదుటివాళ్ళు నవ్వుతారు, ఇంకోసారి నోరెత్తరు. నోరు పెగలకపోవడానికి ఇది పెద్ద కారణం. చెయ్యి–చేతిలో, కన్ను–కంట్లో, ఊరు–ఊళ్ళో, గోరు–గోటికి, పండు–పళ్ళు. క్రియలు మరీను: ఇవ్వు–ఇచ్చాను, చూడు–చూశాను, "రా" అని పిలుస్తాం గానీ "వచ్చాను" అంటాం.

అందుకని కార్డు వెనక ఒక్క మాట రాయొద్దు. నామవాచకమైతే మూడు రూపాలు: ఇల్లు, ఇంటికి, ఇళ్ళు. క్రియైతే మూడు: ఇవ్వండి, ఇస్తాను, ఇచ్చాను. బజారులో మొదట అవసరమయ్యేది "అండి" రూపం, అది ముందు. సూత్రం చెప్పకండి. "ల్లు" ఎందుకు "ంటి" అయిందో ఈ దశలో వాళ్ళకి అక్కర్లేదు, రూపం నోటికి రావాలి.

సాధనకి బోర్డు చెరిపే పద్ధతి బాగా పనిచేస్తుంది. ఆటో ఎక్కేటప్పటి ఆరు వరసల సంభాషణ రాయండి ("కాంప్లెక్స్" అంటే ఇక్కడ బస్టాండు):

కాంప్లెక్స్‌కి వస్తారా అన్నా?
ఎక్కండి. ఎంతమంది?
ఇద్దరం. ఎంత తీసుకుంటారు?
మనిషికి ముప్ఫై.
చిల్లర లేదు, వంద నోటుంది.
పర్లేదు, దిగేటప్పుడు ఇద్దురుగాని.

ఇద్దరిద్దరు ఒకసారి చదువుతారు. అప్పుడు కొత్త మాటల నడుములు చెరపండి: మొదటి అక్షరం, చివరి ప్రత్యయం ఉంచి ("మ___కి", "ది____ప్పుడు"). మళ్ళీ చదువుతారు, ఈసారి పాత్రలు మార్చుకుని. రెండో విడత మొదటి అక్షరం పోతుంది. మూడో విడత ప్రత్యయం పోతుంది. అసలు కష్టం ఇక్కడే, "మనిషికి" అనాలా "మనిషి" అనాలా అన్నది ఇప్పుడు వాళ్ళే తేల్చుకోవాలి. నాలుగో విడతకి బోర్డు మీద గీతలు మాత్రం ఉంటాయి. ఐదో విడత బోర్డుకి వీపు పెట్టి, "కాంప్లెక్స్" బదులు జగదాంబ, "ముప్ఫై" బదులు వేరే అంకె పెట్టి. మొత్తం 15 నిమిషాలు.

చెడేది ఎక్కడంటే, ఒకేసారి ఎక్కువ చెరిపేస్తే. విడతకి నాలుగైదు చోట్లు మించొద్దు. సగం మంది తడబడితే ఒక అక్షరం తిరిగి రాయండి, మొత్తం మాట రాయకండి.

ఇంకోటి: "ఇద్దరం" లాంటిది వచ్చినప్పుడు దాటెయ్యకండి. మనుషులకి ఇద్దరు, వస్తువులకి రెండు. "రెండు మనుషులు" అనడం హిందీ వాళ్ళకి సహజం, ఆ భాషలో ఈ తేడా లేదు.

---

గాజువాక_తెలుగు:

చాలా ఉపయోగం అండీ. ఒక అనుమానం. కుడి ఎడమ ఒకే రోజు వద్దన్నారు, ఈ సంభాషణలో ఎక్కు, దిగు రెండూ ఉన్నాయి కదా?

వ్యాకరణం_వంటింట్లో:

సరిగ్గా పట్టుకున్నారు. "ఎక్కండి" అప్పటికే వచ్చి ఉండాలి, ఈ సంభాషణలో "దిగు" ఒక్కటే కొత్తది. రెండూ కొత్తవైతే చివరి వరస "తర్వాత ఇద్దురుగాని" అని మార్చెయ్యండి.

---

తంబోలా_టీచరమ్మ:

ఆటల గురించి. ఎవరు ముందు చెప్తే వాళ్ళు గెలిచినట్టు అనే ఆట ఏదైనా తీసేయండి. బోర్డు దగ్గరకి పరిగెత్తి మాట కొట్టే ఆటలో ఇద్దరు ఆడతారు, పద్నాలుగుమంది చూస్తారు. మాట కూడా ఎవరూ అనరు, చేత్తో కొడతారు, అంతే.

తంబోలా మన ఊళ్ళో అందరికీ తెలిసిన ఆటే. బోర్డు మీద 12 మాటలు (ఎనిమిది కొత్తవి, నాలుగు పాతవి). ఒక్కొక్కరు తొమ్మిది గళ్ళు గీసుకుని తమకి నచ్చిన తొమ్మిది రాసుకుంటారు, తర్వాత బోర్డు చెరిపెయ్యండి. మీరు మాట పిలవకండి, పిలిస్తే అది చెవి పరీక్ష అవుతుంది. "కూరలు ఇందులో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాం" అనండి, సంచి ఉన్నవాళ్ళు కొట్టేసుకుంటారు. వరస నిండినవాళ్ళు ఆ మూడు మాటలతో మూడు వాక్యాలు చెప్తేనే గెలుపు, ఒక్కటి తప్పినా ఆట కొనసాగుతుంది. రెండో ఆటకి పిలుపు వాళ్ళకే అప్పగించండి, మాట చెప్పకుండా దాన్ని వర్ణించడంలోనే అసలు సాధన ఉంది.

అందరి నోళ్ళూ ఒకేసారి ఆడాలంటే చీటీల పని. ఎనిమిది జంటలు. "అ" చీటీలో ఆరు సరుకులు, మూడిటికే ధర. "ఆ" చీటీలో అవే ఆరు, మిగతా మూడిటికి ధర. అడిగి రాసుకోవాలి: "దొండకాయలు పావుకిలో ఎంతండీ?" ఏడు నిమిషాలు. దీనిలో మూడు పొరపాట్లు జరుగుతాయి. పక్కవాళ్ళ చీటీలోకి తొంగిచూస్తారు: వీపులు ఆనించి కూర్చోబెట్టండి, గొంతు కూడా లేస్తుంది. ఇరుక్కోగానే హిందీలోకి దిగుతారు: "మళ్ళీ చెప్పండి", "దీన్ని ఏమంటారు?", "ఇరవయ్యా, అరవయ్యా?" ఈ మూడూ ఆట అయ్యేదాకా బోర్డు మీద ఉంచండి. ఒక జంట మూడు నిమిషాల్లో ముగించి కూర్చుంటుంది: వాళ్ళకి రెండో చీటీ జేబులో ఉండాలి.

ధరల్లో ఇరవై, అరవై కావాలనే పెట్టండి. చెవికి దగ్గర దగ్గరగా ఉంటాయి, బజారులో డబ్బులు పోయేది అక్కడే. డెబ్బై, ఎనభై, తొంభై మూడూ ఒకే చీటీలో మాత్రం వద్దు.

చీటీల ఆట నడుస్తుంటే మీరు తప్పులు దిద్దుతూ తిరగకండి. కాగితం మీద రాసుకుని, అయ్యాక బోర్డు మీద నాలుగు రాసి వాళ్ళచేతే దిద్దించండి, ఎవరన్నారో చెప్పకుండా. పెద్దవాళ్ళు, మాట మధ్యలో ఆపితే మొహమాటపడి ఇక నోరు విప్పరు.

---

ళ_కి_ల_కి_తేడా:

హిందీ అర్థం పక్కన రాయడం గురించి ఎవరూ అనలేదు. నా మాట: సంచి, చిల్లర లాంటివాటికి ఒక్క హిందీ మాట చెప్పి ముందుకెళ్ళడమే మేలు, పది నిమిషాలు అభినయం చెయ్యక్కర్లేదు. ప్రమాదం సంస్కృతం మాటల్లో ఉంది. మాట ఒకటే, అర్థం వేరు. శిక్ష హిందీలో చదువు, మనకి దండన. ఉపన్యాసం హిందీలో, బెంగాలీలో, ఒడియాలో నవల, మనకి ప్రసంగం. అవకాశం వాళ్ళకి సెలవు. వ్యవసాయం వాళ్ళకి వ్యాపారం, వృత్తి. చరిత్ర వాళ్ళకి నడవడి. అనుమానం వాళ్ళకి అంచనా, రాష్ట్రం వాళ్ళకి దేశం. "తెలిసిన మాటే" అనుకుని వాళ్ళు అర్థం అడగరు, అందుకే ఇవి బయటపడవు. వీటికి ఎర్ర అంచు కార్డులు చేసి, ముందువైపు సందర్భమే పెట్టండి: "ఊళ్ళో నాన్న వరి పండిస్తాడు. ఏం చేస్తాడు?"

రెండోది ఉచ్చారణ. హిందీ వాళ్ళకి ఎ–ఏ, ఒ–ఓ తేడా చెవికి అందదు. మెడ–మేడ, నెల–నేల, వెళ్ళు–వేళ్ళు. డాక్టరు దగ్గర "మేడ నొప్పి" అంటారు. బెంగాలీ వాళ్ళకి ఏ అచ్చులోనూ హ్రస్వం, దీర్ఘం అర్థాన్ని మార్చవు, పైగా "వ" "బ" అయిపోతుంది: బంకాయ. ఒడియా వాళ్ళకీ "వ" దగ్గర అదే ఇబ్బంది, కానీ "ళ" వాళ్ళ భాషలో ఉంది, దాన్ని వాళ్ళచేత మిగతావాళ్ళకి చెప్పించండి. కళ్ళు, కాళ్ళు, కల్లు మూడూ విడివిడిగా పలికితే సగం యుద్ధం గెలిచినట్టే.

సాధన: బోర్డు మీద 1. మెడ 2. మేడ. మీరు అంటారు, వాళ్ళు కళ్ళు మూసుకుని ఒక వేలో రెండు వేళ్ళో చూపిస్తారు. కళ్ళు మూయించకపోతే ముందు బెంచీ వాళ్ళని చూసి చూపిస్తారు. పదిసార్లు, వరస ఊహకందకుండా (మేడ మేడ మెడ మేడ మెడ మెడ...). పదికి తొమ్మిది వచ్చాకే వాళ్ళచేత పలికించండి. చెవికి పట్టని తేడా నోటికి రాదు.

ఇక "ఏటి". వినడానికి తప్పకుండా నేర్పండి, మాట్లాడటానికి "ఏంటి" చాలు. "ఏమిటి" రాతలో, వార్తల్లో ఉంటుంది గానీ నోటిమాటలో "ఏంటి" అంటే అందరికీ ఇంపుగానే ఉంటుంది. ఏటి, గుంటడు (కుర్రాడు), తినీసాను లాంటివి ఇక్కడ రోజూ చెవిన పడతాయి, వాటిని తప్పు అని మాత్రం అనకండి, ఇది ఈ నేల తెలుగు. కార్డు మీద చెవి బొమ్మ వేసి, గుర్తుపట్టడం వరకే అడగండి. మాట్లాడే కార్డుల్లో కలిపితే ఒకే వాక్యంలో "ఏమిటి తినీసావు" లాంటి కలగాపులగం వస్తుంది.

---

గాజువాక_తెలుగు:

ఈ శనివారం నుంచే 8 మాటలతో మొదలుపెడతాను. చివరి ప్రశ్న: ఆదివారం నుంచి శనివారం దాకా ఉన్న ఆరు రోజుల ఖాళీ ఎలా పూడ్చాలి? ఇంటిపని ఇస్తే ఎవరూ చెయ్యడం లేదు, ఉద్యోగాలు కదా. ఎంత నిలిచిందో ఎలా తెలుసుకోవాలి?

భీమిలి_పలక:

రాసే ఇంటిపని మానెయ్యండి. మంగళవారం ఒకసారి, గురువారం ఒకసారి వాట్సాప్‌లో మీరు ఒక ఫోటో పంపండి: ఖాళీ సంచి, పుచ్చిన వంకాయ, వంద నోటు పక్కన ఆటో. వాళ్ళు ఇరవై సెకన్ల వాయిస్ మెసేజ్‌లో మూడు వాక్యాలు చెప్పాలి. రెండు నిమిషాల పని, షిఫ్టు మధ్యలో కూడా అవుతుంది. మంగళవారానికి ఆ వారం మాటలు, గురువారానికి వాటిలో నాలుగు, పోయిన నెలవి నాలుగు కలిసే ఫోటో ఎంచుకోండి.

జవాబులు గ్రూపులో పెట్టించకండి. మొదటి వాయిస్ పడగానే మిగతా పదిహేనూ దాని నకలే అవుతాయి. మీ నంబరుకే విడిగా పంపమనండి. దిద్దుబాటు కూడా వాయిస్‌లోనే, ఒక్క తప్పుకి మించకుండా.

లెక్కకి నాలుగు వారాలకోసారి ఒక్కొక్కరిని రెండు నిమిషాలు పక్కకి పిలవండి, మిగతావాళ్ళు ఇద్దరిద్దరుగా ఒకరి డబ్బా కార్డులు ఇంకొకరు అడుగుతూ ఉంటారు. మూడో అర మాటల్లోంచి పది బొమ్మలు చూపించి, మూడు సెకన్లలో ముక్కతో సహా వచ్చినవే లెక్కపెట్టండి. ఆలస్యంగా వచ్చిన మాట బజారులో రాదు, దాన్ని రెండో అరకి దింపండి. ఒకే మాట పదిమందికి పైగా తప్పితే లోపం వాళ్ళది కాదు, ఆ కార్డు బొమ్మ మార్చండి. "లేత" కి పచ్చని కాయ బొమ్మ వేస్తే అందరూ "ఆకుపచ్చ" అనే చెప్తారు. గోటితో బెండకాయ చివర విరుస్తున్న బొమ్మ వెయ్యండి.